రిలీవ్ కాని బిడ్డ

తమకొక డిజైనర్‌ను ఇప్పించమని వంతెనల డివిజన్ రాసుకున్న లేఖకు, సుబ్బరత్నం కడుపులో ఉన్న ఆరు నెలల బిడ్డను కేటాయిస్తూ పై ఆఫీసు నుంచి ఉత్తర్వు వచ్చింది. పుట్టిన డిజైనర్లంతా వేరే పనుల మీద ఉన్నారట. పుట్టనివాళ్లలో ఈ బిడ్డే సీనియర్.

ఇంజనీరు దక్షిణామూర్తి జాయినింగ్ రిపోర్టు పట్టుకుని ఇంటికే వచ్చాడు. బిడ్డ తరఫున తల్లి సంతకం పెట్టింది. మర్నాడు సరిగ్గా పదిన్నరకు ఆమె పొట్ట మీద సన్నటి నీలిగీత ఒకటి లేచింది. మధ్యాహ్నానికి స్తంభాలు, సాయంత్రానికి కమానులు. ఆదివారం మాత్రం ఒక్క గీతా రాలేదు.

దక్షిణామూర్తి ట్రేసింగ్ కాగితం పరిచి ఆ గీతల్ని దిద్దుకున్నాడు. ముప్ఫై ఏళ్ల సర్వీసులో అంత అందమైన వంతెనను ఆయన చూడలేదు. వాగు ఎక్కడ ఒరుసుకుంటుందో, ఎక్కడ సుడి తిరుగుతుందో ఒక్క లెక్కా తప్పలేదు. నీళ్లలో పెరుగుతున్న బిడ్డకు తెలియకేం!

తొమ్మిది నెలలు నిండాయి. పదీ నిండాయి. నొప్పులు రాలేదు. డాక్టరమ్మ పరీక్ష చేసి, "బిడ్డకేం, బంగారంలా ఉంది. రిలీవింగ్ ఆర్డర్ రాలేదు, అంతే," అని చీటీ రాసిచ్చింది.

సుబ్బరత్నం తన అత్త చెంచమ్మను వెంటబెట్టుకుని దక్షిణామూర్తి ఆఫీసుకు వెళ్లింది.

"గీసింది చాలు సారూ. నా బిడ్డను ఒక్కసారి ఎత్తుకోనీయండి."

"బదులు మనిషి రాందే నేనెట్లా వదిలేదమ్మా? పనితనం చూసి ఇంకో రెండు వంతెనలు, ఒక కాలువ కూడా బిడ్డ పేర రాసేశారు."

"మరి పుట్టేదెప్పుడయ్యా?" అంది చెంచమ్మ.

ఆయన ఫైలు తిరగేశాడు. "అరవై నిండాక. రిటైరై తీరిగ్గా పుట్టొచ్చు."

సుబ్బరత్నం వేళ్లు మడిచింది. అప్పటికి తనకు ఎనభై నాలుగు.

"ఉజ్జోగం పర్మినెంటేనా?" అని అడిగింది చెంచమ్మ.

"పర్మినెంటే."

చెంచమ్మ కోడలి కన్నీళ్లు కొంగుతో తుడిచింది. "ఏడవమాక. పుట్టినోళ్లంతా అరుగుల మీద కూచోనున్నారు. నీ బిడ్డ అదృష్టం ఎవురికుందే!"

సుబ్బరత్నం ఇంటికి వచ్చింది. పొద్దుగూకాక ఇప్పటికీ పొట్ట మీద చెయ్యి వేసి పిలుస్తుంది. లోపల కదలిక ఉండదు. పాపం, పని చేసి చేసి అలిసిపోయి ఉంటుందిలే అనుకుని, ఒక్కతే అన్నం కలుపుకుంటుంది.