మర్యాదస్తుల మూడో రౌండు

బార్లలో, నైట్‌క్లబ్బుల్లో కస్టమర్లు ఎలా మెలగాలో చెప్పే నాథుడే లేడన్న లోటును ఎక్సైజ్ మంత్రిగారు ఒకే ఒక్క ప్రెస్‌మీట్‌తో తీర్చేశారు. "మద్యపాన మర్యాదావళి" అనే పుస్తకాన్ని రెండు చేతులా పైకెత్తి చూపించారు. అందులో పదకొండు సూత్రాలున్నాయి. చిటికెలు వేసి బార్‌మన్‌ని పిలవరాదు. తన వంతు వచ్చేదాకా ఆగాలి. అడగకుండా ఎవరి చెయ్యీ పట్టుకుని డాన్సుకి లాగరాదు. బార్‌మన్‌కి సొంత కష్టాలు ఐదు నిమిషాలకు మించి చెప్పరాదు. నాగరికత అంతా అంత పల్చటి పుస్తకంలో పడుతుందని అంతవరకూ ఎవరికీ తట్టలేదు.

"మా కార్యకర్తలు పన్నెండు మంది ఒక మోడల్ బార్‌లో ఆదర్శంగా తాగి చూపిస్తారు. ప్రెస్ వాళ్లంతా రావాలి," అన్నారు మంత్రిగారు.

మోడల్ బార్‌గా బస్టాండ్ ఎదురుగా ఉన్న బార్‌ని ఎంపిక చేశారు. దాని లైసెన్సు ఆ నెలాఖరుతో అయిపోతుంది కాబట్టి, ఓనర్ కాదనే ప్రమాదం లేదు. ఎక్సైజ్ కమిషనర్ గారు స్వయంగా ఫోన్ చేసి విషయం విడమరిచి చెప్పారు. డెమో సజావుగా సాగితే రెన్యువల్. ఒక్కడు తూలినా తాళం.

ఓనర్ గుండెల్లో రాయి పడింది. ఆయన చెల్లెలి మొగుడే అక్కడ బార్‌మన్. ఇరవై ఏళ్లుగా ఆ కౌంటర్ వెనకే నిలబడ్డాడు. వేరే పని ఏదీ చేతకాదు.

"బామ్మర్దీ, పన్నెండు మందికి మూడేసి రౌండ్లు పొయ్యాలి, ఒక్కడికీ ఎక్కకూడదు. ఏం చేస్తావో నాకు తెలీదు."

"తెలీకపోతేనే మంచిది బావా. నన్నేం అడక్కు."

డెమో రోజు తెల్లవారగానే బార్‌మన్ భార్య పెద్ద గిన్నెడు టీ డికాషన్ కాచింది. చల్లారాక వడగట్టి, పాలూ పంచదారా లేకుండానే ఖాళీ విస్కీ సీసాల్లోకి పోసింది.

"కనిపెట్టేస్తే?" అంది భయంగా.

"తాగినవాళ్లకి రుచేం తెలుస్తుందే, పిచ్చిమొహమా!"

"ఇది తాగితే వాళ్లు తాగినవాళ్లెలా అవుతారు?"

బార్‌మన్ మూతలు గట్టిగా బిగించాడు. సీసాలు సంచిలో సర్దుకుని బయలుదేరాడు.

పదకొండింటికి డెమో మొదలైంది. మంత్రిగారు మధ్యలో, చుట్టూ పన్నెండుగురు ఆదర్శాలు, ఎదురుగా కెమెరాలు. పార్టీ టౌన్ ప్రెసిడెంట్ మొదటి గుక్క మింగి, కళ్లు గట్టిగా మూసుకుని, "అబ్బ! ఏం ఘాటు!" అన్నాడు. మిగతా పదకొండుగురూ అదే వరసలో మొహాలు చిట్లించారు. బార్‌మన్‌కి పోయిన ప్రాణం లేచొచ్చింది. మొదటి రౌండు ఎంత మర్యాదగా నడిచిందంటే, ఒకాయన గ్లాసుకి కూడా థాంక్స్ చెప్పాడు.

రెండో రౌండులో గొంతులు లేచాయి. యువజన నాయకుడు చిటికె వేసి "ఏయ్, ఇటు!" అన్నాడు. మూడుసార్లు టికెట్ దక్కని సీనియర్ ఒకాయన కౌంటర్ మీద తల ఆనించి పావుగంట సేపు వెక్కివెక్కి ఏడ్చాడు. మంత్రిగారి పక్క కుర్చీ కోసం ఇద్దరు కాలర్లు పట్టుకున్నారు. టౌన్ ప్రెసిడెంట్ ఒక కెమెరామన్ చెయ్యి పట్టుకుని, అడక్కుండానే, కెమెరాతో సహా గిరగిరా తిప్పాడు. సూత్రాలు మొదటి నుంచి చివరిదాకా వరసగా తప్పారు. పుస్తకం శ్రద్ధగా చదివినవాళ్లకి తప్ప అంత క్రమశిక్షణ రాదు.

బార్‌మన్ ఓ గ్లాసు ఎత్తి రహస్యంగా వాసన చూశాడు. టీయే. అనుమానం తీరక ఓ చుక్క నాలుక మీద వేసుకున్నాడు. ఉత్త టీయే.

మూడో రౌండులో మంత్రిగారు కూడా గ్లాసు చాపారు. సగం తాగి, పై గుండీ విప్పారు.

"నిజం చెప్పనా? ఈ పుస్తకం నేను చదవలేదు. మా అల్లుడు ఏదో హోటల్ వాళ్ల బోర్డు చూసి దింపాడు. మా అధినేత మాత్రం ఏం చదివాడు గనక? కేబినెట్‌లో కళ్లు తెరుచుకునే నిద్రపోతాడు. మేం మొహం ముందు చెయ్యి ఊపి చూశాం!"

"సార్, రాసుకోవచ్చా?" అన్నాడో విలేకరి.

"రాసుకో! నాకేం భయమా? పెద్ద అక్షరాలతో రాసుకో!"

మర్నాడు అన్ని పేపర్లూ మంత్రిగారి మాట మన్నించి పెద్ద అక్షరాలతోనే వేశాయి. పది గంటలకల్లా కమిషనర్ గారు తాళం పట్టుకుని దిగారు. ఓనర్ కుర్చీలో కూలబడ్డాడు. ఇక దాచి లాభం లేదనుకుని, బార్‌మన్ మిగిలిన సీసా తెచ్చి కౌంటర్ మీద పెట్టాడు.

"వాసన చూడండి సార్. టీ. నిన్న మా బార్‌లో ఒక్కరూ మందు ముట్టలేదు. తాగకుండా చేసిన గొడవకి మాకు తాళం ఎందుకు సార్?"

కమిషనర్ గారు వాసన చూశారు. మొహం పాలిపోయింది.

"ఈ మాట ఇంకెవరికైనా చెప్పావా?"

"మా ఆవిడకి తెలుసు సార్. కాచింది తనే."

"కొంప ముంచావు కదయ్యా! 'మాట్లాడింది నేను కాదు, మందు' అని మంత్రిగారు పొద్దున్నే ప్రకటన ఇచ్చారు. పాపం తాగి అన్నాడులే అని అధినేత క్షమించేశారు కూడా. ఇప్పుడు అది టీ అంటే, ఆ మాటలు ఎవరివవుతాయి?"

"మంత్రిగారివే సార్."

"నోరు ముయ్యి!"

కమిషనర్ గారు కాసేపు అటూ ఇటూ తిరిగారు. తర్వాత కాగితం తీసి, సదరు బార్‌లో వడ్డించిన మద్యం మిక్కిలి నాణ్యమైనదనీ, ఎంతటి స్థితప్రజ్ఞుడినైనా తొణికించగలదనీ స్వహస్తాలతో రాశారు. కింద బార్‌మన్ సంతకం చేశాడు. దానికి బదులుగా రెన్యువల్ మీద కమిషనర్ గారి సంతకం పడింది. ఓనర్ ఆ కాగితాన్ని కళ్లకద్దుకున్నాడు. బార్‌మన్‌కి కళ్లు చెమర్చాయి. కౌంటర్‌ని అరచేత్తో ఒకసారి నిమిరాడు.

"సాక్ష్యం మిగలకూడదు. ఆ సీసా ఇటివ్వు," అన్నారు కమిషనర్ గారు.

"సింక్ ఇక్కడుంది సార్."

కమిషనర్ గారు సింక్ వైపు చూశారు. తలుపు వైపు చూశారు. వెళ్లి తలుపు వేసొచ్చి, ఒక గ్లాసు అందుకుని, దాని నిండా టీ పోసుకుని గటగటా తాగేశారు. టై వదులు చేసుకుని, స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చున్నారు.

"బాగా ఎక్కేసిందయ్యా," అన్నారు. "ఇప్పుడు చెబుతా విను. ఆ మంత్రి ఉన్నాడే..."