ఎడమకి తిప్పండి, నాగభూషణరావు గారూ

శనివారం పొద్దున్న హెప్సిబా వేసుకున్న ప్లాను చాలా చిన్నది. పదింటికి చర్చి వెనక ఉన్న ఫెలోషిప్ హాలులో ఒకరు వీడియో గేమ్ ఆడతారు. పాతిక మంది కూర్చుని చూస్తారు. ఆ తర్వాత అందరూ ఆమె తల్లి రత్నకుమారి చేసిన పులిహోర తిని ఇళ్ళకు వెళ్తారు. ఇందులో చెడిపోవడానికి ఏముందని ఆమె అనుకుంది. బందరులో పాతిక మంది ఒకచోట చేరి నోరు మూసుకుని కూర్చోగా తను ఎప్పుడైనా చూసిందా అన్న సంగతి మాత్రం ఆలోచించలేదు.

హెప్సిబా హైదరాబాదులోని ఒక గేమ్‌ల కంపెనీలో డిజైనరు. పని ఇంటి నుంచే. రెండేళ్ళుగా ఆమె తయారుచేస్తున్న ఆట ఆడేవాళ్ళ కోసం కాదు, చూసేవాళ్ళ కోసం. ఈ రోజుల్లో ఆడేది ఒకడైతే వాడి ఆటను ఫోనులో చూసేవాళ్ళు వేలమంది. వాళ్ళని కదలకుండా కూర్చోబెట్టినవాడిదే వ్యాపారం. అందుకని ఆమె ఒక బల్లకట్టు ఆట అల్లింది. ఈ రేవు నుంచి ఆ రేవుకి బల్లకట్టు నడపాలి. దాని మీద నాలుగు మేకలు, ఒక మోటారు సైకిలు, అంచున తట్ట పట్టుకుని నిలబడ్డ ఒక ముసలమ్మ ఉంటారు. నీళ్ళ కింద ఇసుక మేటలుంటాయి. అవి చూసేవాళ్ళ తెర మీద కనిపిస్తాయి, ఆడేవాడి తెర మీద కనిపించవు. రాబోయే ముప్పు మనకు తెలిసి అతనికి తెలియకపోతే చూపు తిప్పుకోలేం అన్నది ఆమె నమ్మకం.

నమ్మకం బాగానే ఉంది గానీ, హైదరాబాదులో రెండుసార్లు జనాన్ని కూర్చోబెట్టి చూస్తే రెండుసార్లూ కాసేపటికే ఎవరి ఫోన్లు వాళ్ళు చూసుకున్నారు. మేనేజరు కళ్యాణ్ తేల్చి చెప్పేశాడు. "ఇదే ఆఖరుసారి హెప్సిబా గారూ. మీ ఊళ్ళోనే పెట్టుకోండి. మీటరు సగం దాటకపోతే ప్రాజెక్టు మూసేసి మిమ్మల్ని పేకాట టీమ్‌లో వేస్తాను." ఆ కంపెనీ ఫోనులో పేకాట కూడా ఆడిస్తుంది. పొద్దునా సాయంత్రం మోకాళ్ళ మీద ప్రార్థన చేసే రత్నకుమారికి, నీ కూతురు పేకాట తయారుచేస్తోందని చెప్పడం కంటే ఉద్యోగం మానేయడం సుఖం.

మీటరంటే కెమెరాకు తగిలించిన ఒక లెక్క. హాలులో ఉన్నవాళ్ళలో ఎందరి కళ్ళు తెర మీద ఉన్నాయో అది క్షణక్షణం చెబుతుంది. కళ్యాణ్ హైదరాబాదులో కూర్చుని దాన్నే చూస్తాడు. ఆట వైపు అతను చూసిన పాపాన పోలేదు.

తొమ్మిదిన్నరకి మొదటి దెబ్బ తగిలింది. ఆడటానికి ఒప్పుకున్న సెల్‌ఫోన్ షాపు దుర్గాశ్రీనివాస్ ఫోన్ చేసి, సరుకు దిగింది, రాలేను అన్నాడు. హెప్సిబా తల పట్టుకుంటే రత్నకుమారి నింపాదిగా, "దానికేముందే, నాగభూషణరావు అన్నయ్య గారు పని మీద బందరొచ్చి మనింట్లోనే కాఫీ తాగుతున్నారు. ఆయన్ని కూర్చోబెడదాం" అంది.

నాగభూషణరావు గారిది గుడివాడలో రైస్ మిల్లు. హెప్సిబా తండ్రి ఆ మిల్లులో గుమాస్తాగా చేసి అక్కడే రిటైరయ్యాడు. నాగభూషణరావు గారు మాత్రం మనిషి వెన్న, పెట్టే చెయ్యి. ఒక్కటే లోపం, ఆయనకు ఎవరూ ఏమీ చెప్పకూడదు. ఒకసారి బంధువులందరినీ వ్యానులో ఎక్కించుకుని హంసలదీవి బయల్దేరి, దారి అడగడం నామోషీ అనుకుని, అవనిగడ్డ సెంటరుకే మూడుసార్లు తీసుకొచ్చారు. మూడోసారి టీ కొట్టువాడు అడక్కుండానే దారి చెబితే వ్యాను వెనక్కి తిప్పి గుడివాడ వచ్చేశారు. అయినా ఈ ఆటలో ఆయనకు ఎవరూ ఏమీ చెప్పరు కదా, ఇంకా మంచిదేనని హెప్సిబా సరిపెట్టుకుంది.

పదింటికి హాలు నిండింది. స్త్రీల సమాజం వాళ్ళు, వీధిలోవాళ్ళు, ముందు వరసలో సామ్యేలు పాస్టర్ గారు, ఆయన పక్కన ఎదురింటి రమణమ్మ. నాగభూషణరావు గారు జనానికి వీపు పెట్టి ఒక మూల చిన్న తెర ముందు కూర్చున్నారు. హెప్సిబా చెవులకు హెడ్‌ఫోన్స్ పెట్టబోతే ఆయన తీసి బల్ల మీద పెట్టేశారు. "చెవులు మూసుకుని బల్లకట్టు నడిపేవాణ్ణి ఎక్కడన్నా చూశావా అమ్మాయ్?"

"సరే మావయ్య గారూ" అని, ఆమె జనం వైపు తిరిగి చేతులు జోడించింది. "దయచేసి ఆయనకు ఎవరూ ఏమీ చెప్పకండి. చూడండి చాలు."

అందరూ తలలూపారు. బల్లకట్టు కదిలింది. దాని ముక్కుకి సూటిగా, జనం ముందున్న పెద్ద తెర మీద పచ్చగా ఒక ఇసుక మేట కనిపించింది. హాలులో గాలి బిగుసుకుంది. మీటరు సగం దాటి పైకి పోతోంది. హెప్సిబా ఊపిరి పీల్చుకోబోయింది.

"బాబూ, ఎడమకి తిప్పండి" అంది రమణమ్మ.

నాగభూషణరావు గారు వెనక్కి చూడకుండానే కుడికి తిప్పారు. బల్లకట్టు మేట ఎక్కి ఒరిగింది. మేకలు నీళ్ళలోకి దూకాయి. ముసలమ్మ తట్టతో సహా మునిగింది. హాలంతా అయ్యో అంది.

"రమణమ్మ గారూ, చెప్పొద్దన్నాను కదండీ."

"చెప్పకపోతే ముసలిది పోదూ?"

"చెప్పినా పోయింది కదండీ."

"అది ఆయన తప్పు. నా వంతు నేను చెప్పాను" అంది రమణమ్మ, చీర చెంగు సర్దుకుంటూ.

ఆట మళ్ళీ మొదలుపెట్టారు. ఈసారి పాస్టర్ గారు కుర్చీలో ఇటూ అటూ మెసిలారు. ఎదుటి మనిషి గోతిలో పడబోతుంటే చూస్తూ ఊరుకోవద్దని ఆయన ప్రతి ఆదివారం చెప్పే మనిషి. ఇచ్చిన మాట తప్పడమా, మునిగేవాణ్ణి వదిలేయడమా అని కొట్టుకుని కొట్టుకుని, చివరికి లేచి నిలబడి చేతులెత్తారు. "ప్రార్థన చేసుకుందాం."

పాతిక తలలు వంగాయి. యాభై కళ్ళు మూసుకున్నాయి. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ ఆ గొంతు వింటే కళ్ళు మూయడం అలవాటైన హెప్సిబావి కూడా మూసుకున్నాయి.

"ప్రేమగల తండ్రీ, నీ బిడ్డ నాగభూషణరావు గారు నీళ్ళ మీద ప్రయాణంలో ఉన్నారు ప్రభువా. ఆయన్ని కుడి పక్కకి పోనియ్యకు తండ్రీ. ఎడమ పక్కకి నడిపించు. ఇంకొంచెం ఎడమకి నడిపించు దేవా."

"స్తోత్రం" అన్నారు స్త్రీల సమాజం వాళ్ళు.

నాగభూషణరావు గారికి దేవుళ్ళలో తేడాలు లేవు. ప్రార్థన అనగానే ఆయన చెప్పులు విడిచి, చేతిలోని కంట్రోలరు బల్ల మీద పెట్టి, కళ్ళు మూసుకుని భక్తిగా చేతులు జోడించారు. నడిపేవాడు లేని బల్లకట్టు తిన్నగా వెళ్ళి మేట ఎక్కింది.

ఆమేన్ అనగానే పాస్టర్ గారు ఆశగా అడిగారు. "విన్నారా అండీ?"

"మీరు దేవుడికి చెప్పుకునేది నేను వినడం మర్యాద కాదు కదండీ" అన్నారు నాగభూషణరావు గారు.

అప్పుడు మోగింది హెప్సిబా ఫోను. "మీటరు సున్నాకు పడిపోయింది. మీవాళ్ళు పది నిమిషాలకే నిద్రపోయారు" అన్నాడు కళ్యాణ్.

"నిద్ర కాదండీ, ప్రార్థన చేశారు."

"ఆట చూసి ప్రార్థన చేశారా?"

"ఆయన ఎడమకి తిరగాలని చేశారండీ."

కళ్యాణ్ చివరికి, "ఇంకో పావుగంట చూస్తాను" అన్నాడు.

హెప్సిబాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. రెండేళ్ళు రాత్రింబవళ్ళు కూర్చుని చేసిన పని, ఒక ఎడమా ఒక కుడీ కలిసి మింగేస్తున్నాయి. ఆమె నాగభూషణరావు గారిని, ఆయన తెరను తీసుకెళ్ళి వరండా చివరున్న సండే స్కూల్ గదిలో కూర్చోబెట్టి తలుపు దగ్గరగా వేసింది. ఇక ఎవరు అరిచినా ఆయనకు వినబడదు. ఈ పని ముందే ఎందుకు చేయలేదా అని తనను తానే తిట్టుకుంటూ హాలుకు వచ్చి, కెమెరా పక్కన కూర్చుంది.

నిజంగానే హాలు నిశ్శబ్దమైంది. మీటరు మళ్ళీ ఎక్కుతోంది. అంతలో రమణమ్మ లేచి, "ఆయనకి మంచినీళ్ళిచ్చొస్తాను" అని వెళ్ళింది. రత్నకుమారి, "అన్నయ్య గారికి బీపీ బిళ్ళ వేళయింది" అని కదిలింది. ఒకరు ఫ్యాను తిరుగుతోందో లేదో చూడటానికి, ఒకరు వాళ్ళబ్బాయి సంబంధం సంగతి అడగడానికి వెళ్ళారు. వెళ్ళినవాళ్ళెవరూ తిరిగి రాలేదు. కాసేపటికి హెప్సిబా ముందు పాతిక ఖాళీ కుర్చీలు మిగిలాయి.

ఆమె వరండాలోకి పరిగెత్తి చూస్తే సంగతి బోధపడింది. గదిలోని చిన్న తెర మీద మేటలు కనపడవు. అందుకని పాస్టర్ గారు హాలు పక్క గుమ్మంలో, కెమెరాకు అందని చోట నిలబడి పెద్ద తెర చూసి కబురు చెబుతున్నారు. వరండా పొడుగునా వరసగా నిలబడ్డ ఆడవాళ్ళు దాన్ని ఒకరికొకరు అందిస్తున్నారు. ఆఖరున రమణమ్మ గది గుమ్మంలోంచి అరుస్తోంది. పాస్టర్ గారి దగ్గర బయల్దేరిన ఎడమ రమణమ్మ దాకా వచ్చేసరికి బల్లకట్టు ఆ మేట మీదే ఉంటోంది.

"చెబుతుంటే వినరేమండీ?" అంటోంది రమణమ్మ, గొంతు పోయి.

"నలభై ఏళ్ళు మిల్లు నడిపాను. నాకు చెప్పొచ్చావా?" అంటున్నారు నాగభూషణరావు గారు, ముసలమ్మను ఆరోసారి ముంచుతూ.

మళ్ళీ ఫోను మోగింది. "ఇందాక నిద్రపోయారు. ఇప్పుడు ఏకంగా లేచి వెళ్ళిపోయారు. చాలండి, మూసేద్దాం. సోమవారం నుంచి పేకాట."

"వెళ్ళిపోలేదండీ. ఒక్కసారి చూడండి" అంటూ హెప్సిబా, కళ్యాణ్‌కి ఆట చూపిస్తూ అతని గొంతు వినిపించే లాప్‌టాప్‌ను చంకలో పెట్టుకుని ఆ జనాన్ని తోసుకుంటూ గదిలోకి వెళ్ళి, నాగభూషణరావు గారి పక్కనే పెట్టింది. కళ్యాణ్ చూడాల్సిన మీటరు లేదిప్పుడు, లెక్కపెట్టడానికి కుర్చీల్లో కళ్ళు లేవు. చేసేది లేక అతను మొదటిసారి ఆట వైపు చూశాడు. అతనికి కనిపించేది చూసేవాళ్ళ తెర. అందులో ఏడోసారి రేవు వదిలిన బల్లకట్టు మేట వైపే వెళ్తోంది. ముసలమ్మ అంచునే నిలబడి ఉంది.

"మూసేద్దాం అంటే నా ఉద్దేశం..." అని ఆగాడు కళ్యాణ్. "ఆయన ఎటు వెళ్తున్నారు? ఎదురుగా మేట ఉంది కదా. అండీ, ఎడమకి. మిమ్మల్నే, ఎడమకి తిప్పండి."

"ఈ గొంతెవరిది అమ్మాయ్?"

"మా మేనేజరండీ, హైదరాబాదు నుంచి."

"హైదరాబాదులో ఏరెక్కడుంది?" అని నాగభూషణరావు గారు కుడికి తిప్పారు.

ఆ తర్వాత వరండాలో కబురు అందించే పని ఆగిపోయింది. కళ్యాణే నేరుగా గదిలోకి అరుస్తున్నాడు కాబట్టి జనమంతా గదిలోకే వచ్చి అతనికి వంత పాడారు. అతను బతిమాలాడు, కసిరాడు, ఒకసారి మైకు మూయడం మరిచిపోయి ఇంట్లోవాళ్ళని కూడా పిలిచి చూపించాడు. పావుగంట అన్నవాడు పన్నెండున్నర దాకా కదల్లేదు. చివరికి గొంతు బొంగురుపోయి అన్నాడు.

"హెప్సిబా గారూ, చెప్పకుండా చూడటం కాదండీ. చెప్పాలి, ఆయన వినకూడదు. మనిషిని కట్టిపడేసేది అదే. వచ్చే శనివారం మా పెద్దవాళ్ళని తీసుకుని పది గంటలకల్లా బందరొస్తాను. ఇదే హాలు, ఇదే జనం. ఆయన మాత్రం ఉండి తీరాలి. ఆయన లేకపోతే ఆట లేదు, ప్రాజెక్టూ లేదు."

హెప్సిబా చిన్న పిల్లల బెంచీ మీద కూలబడింది. అప్పుడే రత్నకుమారి పులిహోర చల్లారిపోతోందని పిలిచింది. గది ఒక్కసారిగా ఖాళీ అయింది.

"మీరు పదండి, ఇదొక్కటి చూసి వస్తాను" అన్నారు నాగభూషణరావు గారు.

హెప్సిబా తన లాప్‌టాప్‌లో పెద్ద తెర బొమ్మే చూస్తోంది. చెప్పేవాళ్ళు లేరు, కాదనడానికి ఆయనకు ఎవరూ దొరకలేదు. బల్లకట్టు మొదటి మేట దగ్గర ఆయన చేతుల్లో ఎడమకి తిరిగింది. రెండో మేట పక్కనుంచి జారింది. మేకలు బెదరలేదు. ఆవలి రేవులో ముసలమ్మ తట్ట నెత్తిన పెట్టుకుని దిగి గట్టెక్కింది. రెండేళ్ళలో ఆ ముసలమ్మ పొడి చీరతో దిగడం హెప్సిబా ఎప్పుడూ చూడలేదు. ఆమె కళ్ళు చెమర్చాయి.

"చూశావా?" అన్నారు నాగభూషణరావు గారు లేచి, చెప్పులు వేసుకుంటూ. "దాటించాను. ఇంక నాకు ఈ ఆటతో పని లేదు. ఒకసారి దాటిన ఏరు మళ్ళీ దాటేవాడు వెర్రివాడు."

ఈయన రాకపోతే తనకు పేకాటే అనుకుంది హెప్సిబా. చప్పున లాప్‌టాప్ మూసి, నేల మీది వైరు చుట్టడం మొదలుపెట్టింది.

"ఏంటి మావయ్య గారూ, దాటారా? వైర్లు తీసుకుంటున్నాను, చూడలేదే."

ఆయన ఆమె వంక అదోలా చూసి, పులిహోర తినేవాళ్ళ దగ్గరికి వెళ్ళి చెప్పారు. రమణమ్మ నవ్వు ఆపుకోలేక విస్తరి పక్కన పెట్టింది. పాస్టర్ గారు ఆయన భుజం తట్టి, ఇవాళ కాకపోతే ఇంకో రోజు అని ఓదార్చారు. నాగభూషణరావు గారు ఎర్రబడ్డ ముఖంతో గదికి తిరిగి వచ్చారు.

"వచ్చే శనివారం వస్తాను. అందరి ముందూ దాటించి చూపిస్తాను."

"ఎందుకులెండి మావయ్య గారూ, గుడివాడ నుంచి మీకు శ్రమ."

"వస్తానంటే వస్తాను."

"అయితే ఎండలో తొందరపడకండి. పదకొండు దాటాక రండి చాలు."

"నాకు టైము చెప్పేదానివయ్యావా? పదింటికే వస్తాను" అని ఆయన విసవిసా కారెక్కారు.

కంపెనీ వాళ్ళు వచ్చేదీ పదింటికే.