రెండో ఆపరేషన్ బహుమతి

"నేటి నుంచి మన రాష్ట్రంలో రొమ్ముల సైజు పెంచే ఆపరేషన్లలో కాంప్లికేషన్లు ఉండవు" అని ఆరోగ్యశాఖ మంత్రిగారు ప్రకటించారు. వైద్యశాస్త్రం ఇన్నేళ్లుగా కిందా మీదా పడినా సాధించలేని పనిని ఆయన ఒక్క సంతకంతో సాధించారు. అదీ కారు దిగకుండానే.

ఆత్మవిశ్వాస పథకం మంత్రిగారి మానసపుత్రిక. కోరుకున్న ఆడవాళ్లకి పెద్దాసుపత్రిలో ఉచితంగా ఇంప్లాంట్లు పెడతారు. ఆ వార్డుకి ఒక పెద్ద నర్సు ఉంది. ఇరవై ఆరేళ్ల సర్వీసున్నా లౌక్యం అబ్బలేదు. ఆపరేషన్‌కి ముందు ప్రతి మనిషినీ ఎదురుగా కూర్చోబెట్టుకుని ఒక కాగితం చదివి వినిపించేది. చీము పట్టవచ్చు, స్పర్శ తగ్గవచ్చు, ఇంప్లాంట్ చుట్టూ పొర గట్టిపడి బిగుసుకుపోవచ్చు, లోపల చిరిగినా పైకి తెలియకపోవచ్చు, ఇవి జీవితాంతం ఉండేవి కావు, మళ్లీ కోయాల్సి రావచ్చు. చదివాక "ఇంటికెళ్లి ఆలోచించుకుని రా అమ్మా" అనేది. కొందరు నిజంగానే ఆలోచించుకునేవాళ్లు. పథకానికి అంతకంటే ద్రోహం ఏముంటుంది?

"శుభమా అని పని మొదలుపెడుతుంటే ఈ అపశకునాలేంటి?" అన్నారు మంత్రిగారు. కాగితం రద్దయింది. రోగులు మళ్లీ చూపించుకోవడానికి వస్తే రాసే రిజిస్టర్లో "ఇబ్బందులు" అనే కాలమ్ కొట్టేసి "సంతోషాలు" అని పెట్టారు.

ఆ కాలమ్ ముందుకి ఒక దర్జీ అమ్మాయి వచ్చి నిలబడింది. ఆపరేషనై ఏడు నెలలు. ఎడమవైపు గట్టిపడి పైకి లాగేసింది.

"చెయ్యి చాపితే ప్రాణం పోతోంది సిస్టరమ్మా. కత్తెర పట్టలేకపోతున్నా. స్కూలు యూనిఫారాలు ఒప్పుకున్నా, ఈ నెల కుట్టివ్వకపోతే ఇంకెవరూ నా గడప తొక్కరు. ఇలా అవ్వచ్చని ఒక్క ముక్క ముందే చెప్పొచ్చుగా?"

నర్సుకి ఆ తారీకు గుర్తుంది. కాగితం రద్దయిన మర్నాడే ఈ పిల్ల ఆపరేషన్ జరిగింది. నోరు మాత్రం ఎవరూ రద్దు చెయ్యలేదు. అయినా ఆరోజు తను నోరు విప్పలేదు.

తిన్నగా సర్జన్‌గారి గదికి వెళ్లింది.

"ఇంప్లాంట్ తీసేసి, బిగుసుకున్న పొరా తీసెయ్యాలి. పెద్ద పనేం కాదు" అన్నాడు సర్జన్. "కానీ ఏమని రాసి తియ్యను? కాంప్లికేషన్ అంటే ప్రభుత్వ విధానానికి వ్యతిరేకం."

"పిల్ల నొప్పితో చస్తోంది సార్."

"నొప్పికి జీవో లేదు సిస్టర్."

సర్కారు ఆఫీసుల్లో బాధకి మంజూరు దొరకదు గానీ వేడుకకి ఎప్పుడైనా దొరుకుతుంది. ఇరవై ఆరేళ్లలో నర్సు నేర్చుకున్న లౌక్యం ఇదొక్కటే. పథకం వార్షికోత్సవం దగ్గర పడుతోంది. "ఈ సందర్భంగా ఒక అదృష్టవంతురాలికి మంత్రిగారి చేతుల మీదుగా రెండో ఆపరేషన్ బహుమతి" అని ఫైలు పెట్టింది. మామూలుగా నత్తనడక నడిచే ఫైలు ఒక్క పూటలో నాలుగు సంతకాలు చేయించుకుని వచ్చింది. మొదటిది బాగుంటే రెండోది దేనికని ఏ ఒక్క పెద్దమనిషికీ అనుమానం రాలేదు.

లాటరీ పెట్టెలో నర్సు చీటీలు వేసింది. అన్నిటి మీదా ఒకటే పేరు. మంత్రిగారు కళ్లు మూసుకుని, చాలా నిష్పక్షపాతంగా, ఒకటి తీశారు.

దర్జీ అమ్మాయి వేదికెక్కింది. ఎడమ చెయ్యి లేవక, "బహుమతి" అని రాసిన నిలువెత్తు అట్టముక్కని కుడిచేత్తోనే అందుకుంది.

"ఎలా ఉందమ్మా?" అన్నారు మంత్రిగారు.

"నొప్పండి."

"ఆనందంతో మాట తడబడుతోంది!" అన్నారాయన మైకులో. సభ చప్పట్లతో మోగిపోయింది.

ఆపరేషనైంది. ఇంప్లాంట్లు రెండూ తీసేశారు. ఆ నెల గడువు తప్పింది గానీ, బడివాళ్లు ఆగారు. పై నెలలో దర్జీ అమ్మాయి కత్తెర పట్టింది. నర్సు వెళ్లి రెండు చేతులూ పైకెత్తించి చూసి, అక్కడే కాస్త ఏడ్చింది.

ఈ కబురు పాకి, పై సోమవారానికల్లా వార్డు ముందు క్యూ. ఒకామెకి జ్వరం, ఒకామెకి ఒకవైపు జారిపోయింది, ఒకామెకి వాపు. అందరూ బహుమతి కావాలన్నారు. లెక్కపెడితే ఎనభై ఏడుమంది. మంత్రిగారు పొంగిపోయారు. "ఒకసారి చేయించుకున్నవాళ్లు రెండోసారికి ఎగబడుతున్నారంటే ఇంతకంటే ప్రజాదరణ ఏం కావాలి!" అంటూ బహుమతిని అందరికీ వర్తింపజేశారు.

ఎవరి నాయకుడి సిఫారసు ఉత్తరం వాళ్లు తెచ్చుకున్నారు. చివర్లో ఒక్కావిడ మాత్రం వట్టి చేతులతో, నల్ల కళ్లద్దాలతో, తల మీద ముసుగుతో పొద్దుటి నుంచీ నిలబడే ఉంది.

నర్సు కుర్చీ జరిపింది. "కూర్చోండమ్మా. ఎన్నాళ్లయింది ఈ బాధ?"

"ఎనిమిది నెలలు."

"అయ్యో, మరి ఇంట్లో మీవారికి చెప్పలేదా?"

"చెప్పాను" అందావిడ. "లేచి నిలబడి, గొంతు సవరించుకుని, అలాంటివి లేవని స్టేట్‌మెంట్ ఇచ్చారు. పక్కనే పీఏ చప్పట్లు కొట్టాడు."