ప్యాకెట్ గడ్డ వర్ధిల్లాలి!

ఇంటింటికీ ఒక అక్వేరియం, ప్రతి అక్వేరియంలో ఒక మొలవని గడ్డ! ప్రభుత్వం కొత్తగా పథకమేదైనా పెట్టదలుచుకుంటే ముందు ఇది పెట్టాలని నా మనవి.

నవ్వకండి. నేను సీరియస్‌గానే చెబుతున్నాను. చేపల షాపుల్లో ప్యాకెట్లలో వేలాడదీసి అమ్మే నీటిమొక్కల గడ్డల్ని మోసమని తిట్టేవాళ్ళని చూస్తే నాకు జాలి వేస్తుంది. నీళ్ళలో వేస్తే మొలవదట, కుళ్ళిపోతుందట, కంపు కొడుతుందట! అయితే ఏమిటి? మొలవని వాటిని నమ్ముకుని బతకడం మనకేమైనా కొత్తా? నేను ఇరవై ఆరేళ్ళుగా ఫిల్మ్ నగర్‌లో కాపురం ఉంటున్న సినిమా రచయితని. నాకు చెబుతారా?

నా పేరు రాజబాబు. మీరు విని ఉండరు. తెర మీద నా పేరు ఇప్పటికి రెండుసార్లు పడింది. రెండుసార్లూ జనం లేచి బైకు తాళాలు వెతుక్కునే సమయంలోనే పడింది.

ఇంతకీ ఆ గడ్డ నా జీవితంలోకి ఎలా వచ్చిందో చెప్పాలి.

మా ఆవిడ మేరీ స్కూల్లో లెక్కల టీచరు. ఇంట్లో ఆవిడకి రెండడుగుల అక్వేరియం, అందులో నీలం రంగు ఫైటర్ చేప ఒకటి ఉన్నాయి. ఆ చేప తోక ప్లాస్టిక్ మొక్కకి గీరుకుని చిరిగింది. "ఆ ప్లాస్టిక్ చెత్త తీసి పారేసి నిజం మొక్కలు తెండి. అదీ ప్రాణమే కదండీ," అంది మేరీ. నాకు అర్జెంటు పనులేవీ లేవు గనక వెంటనే టోలిచౌకి బయల్దేరాను.

షాపు గోడ నిండా ప్యాకెట్లే. వాటి మీద బొమ్మ చూడాలి మీరు! ఎర్రటి ఆకులు, పచ్చటి తీగలు, నీళ్ళను చీల్చుకుంటూ దిగే సూర్యకిరణాలు! మా సినిమా పోస్టర్ల మీద కూడా అన్ని కిరణాలు ఉండవు. లోపల మాత్రం వడిలిన చామదుంపల్లాంటివి మూడు. వెనకాల చిన్న అక్షరాలు. నీళ్ళలో వేస్తే చాలు, ముప్పై రోజుల్లో మొలుస్తుంది, మొలవకపోతే ఇంకో గడ్డ ఉచితం అని.

మొలవని దానికి బదులు ఇంకో మొలవనిది! ఇంత నిజాయితీ గల హామీ జూబ్లీహిల్స్‌లో ఎవరైనా ఇవ్వగలరా?

"ఫికర్ చేయకుర్రి సార్, పక్కా మొలుస్తది," అన్నాడు షాపాయన. పనిలో పనిగా ప్లాస్టిక్ డబ్బాలో పెట్టిన చిన్న మొక్క కూడా ఒకటి అంటగట్టాడు.

ఇంటికొచ్చి మూడు గడ్డల్నీ నీళ్ళలో వేశాను. మూడూ తేలాయి. "గారెలు వేస్తున్నారా ఏంటి?" అంది మేరీ. మర్నాటికి మునిగాయి. హమ్మయ్య అనుకుని గులకరాళ్ళలో లోతుగా పాతేశాను. అయిదో రోజుకి డబ్బా మొక్క ఆకులన్నీ కరిగిపోయి, దానితో పాటు ఉచితంగా వచ్చిన నత్త ఒక్కటి మిగిలింది. నెల తిరిగేసరికి నత్తలు నలభై అయ్యాయి. పిల్లాపాపలతో ఇల్లు కళకళలాడిందని సంతోషించకుండా దీనికి కూడా ఫిర్యాదా?

పదో రోజున గడ్డల్లో ఒకటి తెల్లగా జిగురు పట్టి, ఇల్లంతా కంపు కొట్టింది. మీరు నమ్మరు గానీ, ఎదురు ఫ్లాట్ వాళ్ళు నాలుగేళ్ళలో మొదటిసారి మా బెల్లు కొట్టారు! "ఏమైందండీ, అందరూ బాగానే ఉన్నారా?" అని అడిగారు. గడ్డ చక్కగా మొలిచి ఉంటే అడిగేవాళ్ళా?

కంపుకి పైకొచ్చిన వాళ్ళలో కింది ఫ్లోర్ జంగయ్య కూడా ఉన్నాడు. షూటింగులకి చెట్లు సప్లై చేయడం ఆయన పని. అడవి కావాలంటే అడవి, అరటితోట కావాలంటే అరటితోట లారీలో తెచ్చి నిలబెడతాడు. ప్యాకప్ చెప్పగానే ఆ అడవిని మళ్ళీ లారీ ఎక్కిస్తాడు.

ఆయన అక్వేరియంలోకి తొంగి చూసి ముక్కు మూసుకున్నాడు.

"ఏంది సార్ గిది? గడ్డలను మొత్తం రాళ్ళల్ల బొంద పెట్టిన్రు?"

"మొక్కన్నాక పాతాలి కదా జంగయ్యా?"

"గట్ల పాతితే కుళ్ళిపోతయి. రాళ్ళ మీద ఊకె పెట్టాలె. దినాం చెయ్యి పెడ్తున్నరా ఏంది?"

నిజం ఒప్పుకున్నాను. మొలక వచ్చిందేమోనని రోజుకి మూడుసార్లు బయటికి తీసి చూస్తున్నాను.

"గదే తప్పు. జర దాన్ని దాని మానాన ఇడిసిపెట్టుర్రి. ఎలుగు ఉండాలె, సాఫ్ నీళ్ళు ఉండాలె. మీరు ఉండొద్దు."

కుళ్ళిన దాన్ని తీసి పారేసి, మిగిలిన రెండింటినీ రాళ్ళ మీద పెట్టి వెళ్ళాడు.

ఇరవై రెండో రోజు పొద్దున్నే మేరీ కేక పెట్టింది. నేను సబ్బు మొహంతో పరుగెత్తుకొచ్చాను. గడ్డ నెత్తిన దారప్పోగంత ఎర్రటి మొలక! ఆవిడ స్కూలు బస్సు కింద హారన్ కొట్టి కొట్టి వెళ్ళిపోయింది. మేమిద్దరం అలాగే కూర్చుని చూస్తున్నాం. పెళ్ళయ్యాక మేమిద్దరం ఒకే వైపు చూస్తూ, ఏమీ వాదించుకోకుండా అంతసేపు కూర్చున్నది అదే మొదలు. చెప్పండి, ఏ ఫ్యామిలీ కౌన్సిలర్ చేయగలడు ఆ పని?

ఇక్కడ నిర్మాత కాశీవిశ్వనాథం గారి గురించి చెప్పాలి.

జూబ్లీహిల్స్‌లో ఉన్న ఆయన ఆఫీసు లాబీలో పదకొండు నెలలుగా కూర్చుంటున్నాను, ఒక కథ చెప్పడానికి. భూలక్ష్మి అని, రైల్వే గేటు దగ్గర ఉద్యోగం చేసే ఆవిడ కథ. పక్కనే ఫ్లైఓవర్ కట్టేశారు, ఇక ఆ గేటు అక్కర్లేదు. ఆ గేటు ఆఖరి రోజున ఏం జరిగిందన్నదే సినిమా. మా ఊళ్ళో అలాంటి గేటు పక్కనే మా అమ్మ టీకొట్టు నడిపేది. అందుకని ఆ కథ మీద నాకు కొంచెం పక్షపాతం. ఆరేళ్ళు రాశాను.

రిసెప్షన్‌లో స్ఫూర్తి అనే అమ్మాయి ఉంటుంది. మంచి పిల్ల. రోజూ ఎంతో బాధపడుతూ, "సార్ మీటింగ్‌లో ఉన్నారండీ," అంటుంది. లాబీలో ఆరడుగుల అక్వేరియం ఉంది. అందులో గోల్డ్ ఫిష్‌లు, ప్లాస్టిక్ తోట. ఎదురుగా సోఫా. ఆ సోఫాలో నా ఆకారానికి సరిపడా గుంట పడింది.

ఆ రోజు నేను స్ఫూర్తికి ఫోన్లో మా మొలక ఫోటో చూపిస్తున్నాను. సరిగ్గా అప్పుడే కాశీవిశ్వనాథం గారు లోపల్నుంచి వచ్చి వెనక నిలబడ్డారు.

"ఏంటయ్యా అది?"

"గడ్డండీ. మొలిచిందండీ."

"నీళ్ళలోనా? నిజమైనదేనా? లోపలికి రా!"

పదకొండు నెలల్లో మొదటిసారి ఆ తలుపు దాటాను! కుర్చీలో కూర్చోగానే గొంతు సవరించుకుని, "ఓపెన్ చేస్తే ఒక రైల్వే గేటు సార్..." అన్నాను.

"కథ తర్వాతయ్యా. ముందు ఆకు చూపించు," అన్నారాయన.

బీపీ ఎక్కువైందట. రోజూ కాసేపు పచ్చదనం చూడమని డాక్టరు చెప్పాడట. తోటలో నడవడానికి తీరిక లేదు గనక తోటే ఆఫీసుకి రావాలి. "నువ్వు దగ్గరుండి చేయించు రాజబాబు. నీ కథ వింటాను, నాదీ పూచీ," అన్నారు.

మర్నాడే ప్లాస్టిక్ తోట బయటికి పోయింది. నేను టోలిచౌకి నుంచి పన్నెండు ప్యాకెట్లు తెచ్చాను. జంగయ్య వచ్చి గడ్డల్ని పేర్చి, లైట్లు సర్ది, పోతూ పోతూ నిర్మాత గారికి కూడా అదే మాట చెప్పాడు. "చెయ్యి మాత్రం పెట్టకుర్రి సార్."

ఆ తర్వాత ఆ ఆఫీసులో నేను చూసిన క్రమశిక్షణ ఏ సెట్లోనూ చూడలేదు. కాశీవిశ్వనాథం గారు రోజూ పొద్దున పదింటికి వచ్చి, ఫోన్ సైలెంట్‌లో పెట్టి, అక్వేరియం ముందు అరగంట కూర్చునేవారు. ఒక పెద్ద హీరో మేనేజర్ వస్తే కూడా వేలు నోటి మీద పెట్టి కూర్చోమన్నారు. ఒక డైరెక్టరు ఊరికే అద్దం మీద తట్టినందుకు ఆయన సినిమా బడ్జెట్ తగ్గిందని వినికిడి.

పద్దెనిమిదో రోజున మొదటి మొలక వచ్చింది. ఆ సాయంత్రమే గోల్డ్ ఫిష్‌లు దాన్ని కొరికేశాయి. వెంటనే వాటిని ఆఫీసు నుంచి సాగనంపారు. ఆ కంపెనీలో అంత వేగంగా బయటికి వెళ్ళినవాళ్ళు రచయితల్లో తప్ప ఇంకెవరూ లేరు.

ముప్పయ్యో రోజు వచ్చేసింది. మిగతావి కదలలేదు, మెదలలేదు. "మార్చేద్దామా సార్?" అన్నాను భయం భయంగా.

ఆయన నా వైపు ఎంతో ప్రేమగా చూశారు. "తొందరపడితే ఎలాగయ్యా? ప్యాకెట్ మీద ముప్పై అన్నంత మాత్రాన ముప్పయ్యేనా? ఇంకో పదిహేను రోజులిద్దాం."

చూశారా గడ్డ మహిమ! ప్రివ్యూ షో మధ్యలో లేచి వెళ్ళిపోయే మనిషిని ఎంత మార్చేసింది!

నలభయ్యో రోజుకి తోట లేచింది. ఎర్ర ఆకులు, పచ్చ ఆకులు, నీటి పైకి తేలిన చిన్న కలువాకు. కొబ్బరికాయ కొట్టారు. నా దశ తిరిగింది! ఒక హీరోయిన్ వాళ్ళమ్మ నాగేశ్వరి గారు కారు పంపించి మరీ నన్ను ఇంటికి పిలిపించారు. ఇంకో నిర్మాత నాకు తన చేత్తో కాఫీ అందించాడు. నా కథలు ఎన్నడూ దాటని గేట్లు నా గడ్డలు దాటాయి. ఇండస్ట్రీలో నాకు ఒక బిరుదు కూడా వచ్చింది, "గడ్డల రాజబాబు" అని. ఇరవై ఆరేళ్ళ రచనకి రాని పేరు నలభై రోజుల్లో వచ్చింది. ఇంకా ప్యాకెట్ గడ్డ దండగంటారా?

మాట ప్రకారం కాశీవిశ్వనాథం గారు కథకి టైమ్ ఇచ్చారు. గురువారం పదకొండింటికి.

మేరీ ఆ ఆదివారం చర్చిలో నా కోసం ప్రార్థన చేయించింది. గురువారం సెలవు పెట్టి, తెల్ల చొక్కా తనే ఇస్త్రీ చేసిచ్చింది. "కంగారు పడకండి. నీళ్ళు తాగుతూ చెప్పండి," అంది.

సరిగ్గా పదకొండింటికి, "చెప్పవయ్యా," అన్నారు కాశీవిశ్వనాథం గారు.

చెప్పడం మొదలుపెట్టాను. పొద్దున్న ఆరు గంటలు, పొగమంచు, భూలక్ష్మి ఆకుపచ్చ జెండాని ఆఖరిసారి ఉతికి ఆరేస్తోంది. నాలుగు నిమిషాలైంది. గోడ గడియారం నాకు ఎదురుగానే ఉంది గనక కచ్చితంగా చెప్పగలను.

"ఇంటర్వెల్ బ్యాంగ్ ఏంటి?" అన్నారు.

"అక్కడికే వస్తున్నానండీ. ముందు ఆవిడ ఎవరో మనకి..."

"ఇంత లాగ్ అయితే ఎవడు కూర్చుంటాడయ్యా? జనాలకి ఓపిక లేదు. మొదటి రెండు నిమిషాల్లో కథలో పడిపోవాలి." అంటూనే తల తిప్పి, అద్దం తలుపులోంచి లాబీ వైపు చూడసాగారు. అక్కడ అక్వేరియం మూలన గడ్డ ఒకటి ఇంకా మొలవలేదు. అది నలభై ఎనిమిదో రోజు.

ఏదో ఒకటి అనాలి కదా. "ఆ మూలది తీసేయమంటారా సార్?" అన్నాను.

"వద్దొద్దు! ముట్టుకోకు!" కుర్చీలోంచి సగం లేచారు. "పైకి కనపడదు గానీ, లోపల ఏదో జరుగుతూనే ఉంటుందయ్యా. మనం టైమ్ ఇవ్వాలి."

నేను ఫైలు మూసేశాను. దాని తాడు ముడి వేయడానికి మూడుసార్లు పట్టింది. ఏసీ వల్లనే అని నా అభిప్రాయం.

అయ్యా, అమ్మా! నిర్మాతలకి ఓపిక లేదని ఇకముందు ఎవరైనా అంటే నా దగ్గరికి పంపండి. బోలెడంత ఉంది! నేను కళ్ళారా చూశాను, రోజులు లెక్కపెట్టి మరీ చూశాను. కాకపోతే అది నేను కూర్చున్న వైపు తిరిగి లేదు. అంతే.

ఇంటికొచ్చేసరికి మేరీ సోఫాలో కాళ్ళు ముడుచుకుని పరీక్ష పేపర్లు దిద్దుతోంది. నా మొహం చూసి లేచి మంచినీళ్ళిచ్చింది.

"నాలుగు నిమిషాలు విన్నారు," అన్నాను.

ఆవిడ ఎర్ర పెన్నుకి మూత పెట్టింది. "నాకు చెప్పండి."

"నీకు తెలిసిందే కదా?"

"ఎక్కడ తెలుసు? అన్నం తింటూ ఒక ముక్క, బస్సెక్కేటప్పుడు ఒక ముక్క చెప్పారు. ఆరేళ్ళలో మొదట్నుంచి చివరిదాకా నాకెప్పుడైనా చెప్పారా?"

చెప్పలేదు. అందరి ఆఫీసుల్లోనూ కూర్చున్నాను గానీ ఈ సోఫాలో కూర్చోలేదు.

మొదలుపెట్టాను. పొగమంచు, జెండా, గేటు. భూలక్ష్మి గేటు దించాక అవతల ఒక పెళ్ళి బస్సు ఆగింది. సరిగ్గా అక్కడ నా ఫోన్ మోగింది.

స్ఫూర్తి. "సార్, మా సార్ ఫామ్‌హౌస్‌లో కొలను తవ్విస్తున్నారండీ. తామరలు మీరే చూసుకోవాలట. రేపు రాగలరా?"

"అలాగేనమ్మా. కథ గురించి ఏమైనా అన్నారా?"

"ఏ కథ సార్?"

మేరీ నా చేతిలోంచి ఫోన్ తీసుకుని టేబుల్ మీద బోర్లా పెట్టింది. "పెళ్ళి బస్సు ఆగింది. అందులో ఎవరున్నారు?"

చెప్పాను. రెండు గంటల పది నిమిషాలు చెప్పాను. మధ్యలో ఆవిడ ఒక్కసారే లేచింది, కుక్కర్ ఆపడానికి. వంటింట్లోకి పరుగెడుతూ, "ఆగండి, ఆగండి! నేను లేకుండా చెప్పేయకండి!" అంది.