రంగు తేలని పందెపు కారు

1936వ సంవత్సరంలో రాజపాళయంలో మోటారు పందేల అభిమాన సంఘం శాస్త్రోక్తంగా స్థాపించబడింది. ఊళ్లోని పెద్దమనుషులంతా సభ్యులుగా చేరారు. వారిలో మోటారు పందెం చూసినవారు ఒక్కరూ లేరు. ఇది లోపం కాదనీ, పైపెచ్చు బలమనీ అధ్యక్షులు ఎ.కె. మాధవ రాజాగారు ప్రారంభోపన్యాసంలోనే సెలవిచ్చారు. చూసినవాడికి చూసింది ఒక్కటే తెలుస్తుందట, చూడనివాడికి అన్నీ తెలుస్తాయట. సభ్యులు చప్పట్లు కొట్టారు. అధ్యక్షులవారు మాత్రం పడుచు వయసులో తిరుచ్చిలో సైకిలు పందెం చూసి ఉన్నారు. ఆ అనుభవమే వారిని పీఠం ఎక్కించింది.

చెన్నపట్నం నుంచి సంఘానికి ఒక ఇంగ్లీషు మోటారు పత్రిక పోస్టులో వచ్చేది. అందులో దొరల సీమలోని పందెపు కార్ల ఫోటోలు ఉండేవి. ఫోటోలన్నీ నలుపు తెలుపు. సంఘం చర్చించేది మాత్రం ఆ కార్ల రంగుల గురించే. ఏ కారు ఎంత వేగంగా పోయింది, ఎవరు గెలిచారు, ఎవరు గోడకు గుద్దుకుని చచ్చారు అన్న అల్పవిషయాలు కింద చిన్న అక్షరాల్లో ఉండేవి గనుక పెద్దమనుషులు వాటి జోలికి పోలేదు. బొమ్మ చూసి గ్రహించలేనివాళ్ల కోసమే కింద రాత ఉంటుందని అధ్యక్షులవారి అభిప్రాయం. ఎరుపు దాగిన బూడిదరంగు ఏదో, నీలం దాగిన బూడిదరంగు ఏదో భూతద్దం పెట్టి చూస్తే తెలిసిపోతుందని వారు నిరూపించారు. నిరూపించారంటే, గట్టిగా అరిచి చెప్పారు.

ఈ అరుపుకు ఒక చరిత్ర ఉంది. ఊళ్లో పాతపాళయం, కొత్తపాళయం అని రెండు భాగాలు. ఏటా పశువుల పండగనాడు పాతపాళయంవారు ఎద్దుల కొమ్ములకు ఎరుపు పూస్తారు, కొత్తపాళయంవారు నీలం పూస్తారు. తప్పిపోయిన ఎద్దును కొమ్ము చూసి ఇంటికి తోలడానికి ఎవరో తాతలు పెట్టిన ఏర్పాటు అది. కొన్నాళ్లకు ఉపయోగం పోయి పౌరుషం మిగిలింది. అందుచేత ఇటలీలో గెలిచిన కారైనా, ఫ్రాన్సులో గెలిచిన కారైనా పాతపాళయంవారి కంటికి ఎర్రగా, కొత్తపాళయంవారి కంటికి నీలంగా కనబడేది. ఓడిన కారు రంగు కోసం ఎవరూ పట్టుబట్టలేదు. దాన్ని అవతలివారికి ఉదారంగా వదిలేసేవారు.

ఎరుపు పక్షానికి మాధవ రాజాగారు, నీలం పక్షానికి సంఘ కార్యదర్శి రాజగోపాల రాజాగారు నాయకులు. కార్యదర్శిగారికి బండి ఎద్దు నడక దాటితే కడుపులో తిప్పుతుంది. వేగం మీద ఆయన రాసిన ఉపన్యాసాలకు మాత్రం మంచి పేరుండేది.

ఇలాంటి సంఘంలో నిజంగా కారు తోలాలన్న కోరిక ఉన్నవాడు ఒకడు చేరాడు. అతని పేరు విజయరాఘవ రాజా. ముప్పై దాటినా పెద్దల ముందు గొంతెత్తనివాడు. సీమకు తిరిగిపోతున్న ఒక టీ తోట దొర దగ్గర రెండు సీట్ల కారు కొన్నాడు. అది అతను చేసిన మొదటి తప్పు. తెచ్చిన మర్నాడు తెల్లవారగానే ఒంటరిగా సేత్తూరు దారిన తోలాడు. గాలికి కళ్లల్లో నీళ్లు కారాయి, తలపాగా ఎగిరి చోళపురం చేలల్లో ఎక్కడో పడింది. విజయరాఘవ పకపకా నవ్వాడు. పుట్టి బుద్ధెరిగాక అతను పైకి వినబడేలా నవ్వింది అదే మొదలు. ఆ నవ్వు ఇంకొక్కసారి నవ్వాలని అతనికి ప్రాణం కొట్టుకుపోయింది. 1938 మొదట్లో చెన్నపట్నం దగ్గర ఏదో మైదానంలో పందెం జరగబోతోందని ముందే తెలిసి పేరు పంపాడు. రమ్మని జవాబు వచ్చింది. ఆ సంగతి సంఘానికి చెప్పడం అతని రెండో తప్పు.

విజయరాఘవ పుట్టింది పాతపాళయంలో, దత్తు పోయింది కొత్తపాళయంలో. మరి కారుకు ఏ రంగు? సభ సావిడిలో కూడింది. మాధవ రాజాగారు లేచి నిలబడి ధర్మం చెప్పారు.

"కొమ్ముకు వర్ణం పూయని ఎద్దును వీధిలో విడిచేది ఉండునా? లేదు గదా. మరి కారును ఎట్ల విడిచేది? తీర్మానం అయ్యే వరకు ఆ ఇంజినుకు ఉసురు పోయకూడదు. ఏమప్పా విజయరాఘవా?"

"సరి మామా" అన్నాడు విజయరాఘవ.

"తీర్మానం అయినంక పూసేది నీలమే గదా. అది వరకు నిలబడనీ, తప్పేమి?" అన్నారు రాజగోపాల రాజాగారు.

"సరి అన్నా" అన్నాడు విజయరాఘవ.

కారు సావిడి ముందు పందిట్లో నిలబడింది. దొర వేయించిన గోధుమరంగును ఆ రోజే గరుకు కాగితంతో గీకేశారు. సంఘం ఇంత చురుగ్గా చేసిన పని మరొకటి లేదు. విజయరాఘవ సాయంత్రం పూట వచ్చి కారులో కూర్చుని, స్టీరింగు పట్టుకుని, నోటితోనే మెల్లిగా ఇంజిను చప్పుడు చేసుకునేవాడు. ఎవరైనా వస్తే ఆపేసేవాడు.

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. సేత్తూరు పక్కన విజయరాఘవకున్న పత్తిచేను వాడిపోసాగింది. బావిలో నీళ్లు మోటకు అందనంత లోతుకు దిగాయి. చేను చూసేది పళనిసామి, చేను సంగతి అడిగేది విజయరాఘవ భార్య రంగనాయకి.

"బావిలో నీళ్లుండాయి. ఎద్దులు తోడలేక పండుకుంటాయి" అన్నదామె ఒకనాడు అన్నం వడ్డిస్తూ. "ఆ కారు ఇంజిను సావిడి ముందర ఊరికే నిలిచుండాది. దాన్ని తీసి బావికి కట్టితే పంట నిలుచునని పళనిసామి చెప్పినాడు."

"సంఘం కూట్టం ఒప్పుకోదు. ఎరుపా నీలమా మొదట తీరనీ."

"పత్తికి వర్ణం తెల్లపే గదా. దానికి కూట్టం వద్దా?"

విజయరాఘవ మజ్జిగ పోయమన్నాడు. రంగనాయకి మళ్లీ ఆ మాట ఎత్తలేదు. అడగడం మానేసిన ఆడది ఒప్పుకుందని అనుకోవడం మన మగవాళ్లకు పుట్టుకతో అబ్బిన విద్య. విజయరాఘవ ఆ విద్యలో ఆరితేరినవాడే.

1937 అంతా సంఘం అహోరాత్రులు శ్రమించింది. బోనెట్టుకు ఒక ఉపసంఘం, చక్రాల పుల్లలకు ఒక ఉపసంఘం, దీపాలకు ఒక ఉపసంఘం ఏర్పడ్డాయి. ఎర్ర కారు ఎదురొస్తే సత్రపట్టి ఎద్దులు బెదురుతాయా లేదా అని మదురై నుంచి వచ్చిన పండితుడొకాయన గొంతు పోయేదాకా ప్రసంగించి శాలువా కప్పించుకుని వెళ్లాడు. నమూనా చూడాలని పాతపాళయంవారు ఒక పూత ఎరుపు వేయించారు. నమూనాకు నమూనా చూడాలని కొత్తపాళయంవారు దాని మీద నీలం వేయించారు. ఇలా పూత మీద పూత పడి తలుపులు మూతపడటం మానేశాయి. జర్మనీలో కొన్ని కార్లు రంగు గీకేసిన రేకుతోనే పరుగెత్తి గెలుస్తున్నాయని పత్రికలో చిన్న అక్షరాల్లో ఉన్నదాన్ని ఒక సభ్యుడు చదివి వినిపించబోయాడు. అతన్ని మర్యాదగా సంఘం నుంచి తొలగించారు. చదవడం వల్ల సభలో గందరగోళం పుడుతుందని తీర్మానంలో రాసుకున్నారు.

చివరికి రాజీ కుదిరింది. కుడి సగం ఎరుపు, ఎడమ సగం నీలం. ఎడమ మాకెందుకని నీలంవారి నుంచి మళ్లీ గొడవ లేచింది. కారులో కూర్చున్నవాడి కుడి వేరు, ఎదురుగా నిలబడ్డవాడి కుడి వేరు అని ఎవరికో మెరుపులా తట్టింది. దాంతో రెండు పక్షాలకూ కుడివైపే దక్కింది. ఆ ఆనందంలో ఇరుపక్షాల పెద్దలూ ఒకరినొకరు కౌగిలించుకున్నారు. పందేనికి పోవలసిన రైలు మర్నాడే.

మర్నాడు సావిడి ముందు నాదస్వరం మోగింది. కారుకు దండలు వేశారు. విజయరాఘవకు అంతకంటే చిన్న దండ వేశారు. మాధవ రాజాగారు ఉపన్యసించారు.

"ఈ కారు చెన్నపట్నంలో గెలిచేది గెలవనిది దేవుని చిత్తం. వర్ణంలో మనము ఇప్పుడే గెలిచినాము. వేగం ఎవరికైనా వచ్చును. వర్ణం వంశంలో రావాల!"

చప్పట్లు ఆగాక విజయరాఘవ కారు ముందుకు వచ్చి హ్యాండిలు పెట్టాడు. ఎన్నాళ్లుగానో ఎదురుచూసిన చప్పుడు ఇంకొక్క క్షణంలో వినబడుతుంది. హ్యాండిలు తిప్పాడు. అది దేన్నీ పట్టుకోకుండా లోపలికి జారిపోయింది. మళ్లీ తిప్పాడు. మళ్లీ జారింది. పూతలతో అతుక్కుపోయిన బోనెట్టును గడ్డపారతో లేపవలసి వచ్చింది. లోపల ఇంజిను ఉండవలసిన చోట ఒక కోడి గుడ్లు పొదుగుతోంది. ఎప్పుడో కింద నుంచి దూరినట్టుంది. జనాన్ని చూసి చిరాకుపడింది.

"అయ్యో, అంచున పెయింటు లేచిపోయెనే!" అన్నారు రాజగోపాల రాజాగారు.

ఆడవాళ్లు నిలబడ్డ వైపు నుంచి రంగనాయకి గొంతు వినబడింది.

"ఇంజిను సేత్తూరు బావి మీద ఉండాది. పోయిన ఎండల్లో మా ఇంటాయన పెయింటుకని మదురైకి పోయిన దినం, మిల్లు నుంచి పని ఆళ్లను పిలిపించి పళనిసామి దించినాడు. దొంగతనంగా లేదు, పట్టపగలు. మీ కూట్టం అప్పుడు ఇక్కడనే నడిచుండాది."

"మా ముందరా?" అన్నారు మాధవ రాజాగారు.

"మీ ముందరే, పెద్దమామా. పెయింటు గీసుకోకుండా పైకి ఎత్తండి అని మీరే చెప్పినారు."

"ఆమా, చెప్పినాను" అన్నారాయన చుట్టూ చూస్తూ. "జ్ఞాపకం ఉండాది. ఒక గీత పడలేదు."

దూరాన రైలు కూత వేసింది. అది చెన్నపట్నం రైలు. విజయరాఘవ కూత వచ్చిన వైపు తిరిగాడు. దండ తీయడం కూడా మరిచిపోయి అలాగే నిలబడ్డాడు. అతన్ని ఓదార్చాలని ఎవరికీ తోచలేదు. సంఘం ఆస్తిని చూసిరావాలి గనుక అందరూ బండ్లు కట్టించుకుని సేత్తూరు బయల్దేరారు. అతన్నీ ఎక్కించారు.

చేను ఇంకా కనబడకముందే విజయరాఘవకు చప్పుడు వినబడింది. తన ఇంజిను చప్పుడే. ఎన్ని సాయంత్రాలు నోటితో చేసుకున్నాడో ఆ చప్పుడే. బండిలోంచి దూకి గట్టు వెంట పరుగెత్తాడు. బావి ఒడ్డున రాతి దిమ్మె మీద ఇంజిను ఊగిపోతూ తిరుగుతోంది. పట్టీ తగిలించిన పంపులోంచి నీళ్లు కాలవలోకి ఎగజిమ్ముతున్నాయి. చుట్టుపక్కల చేలన్నీ ఎండి బీటలు వారాయి. అతని చేను మాత్రం నిలువెల్లా కాయలతో నిలబడి ఉంది. ఇన్నాళ్లూ తన కారు పరుగెత్తుతూనే ఉందని అతనికి అనిపించింది. గొంతులో సేత్తూరు దారి నాటి నవ్వు కదిలింది. రంగనాయకి వెనకే వచ్చి నిలబడింది. ఇంకో రెండు తడులు అందితే పంట చేతికొస్తుందని పళనిసామి చెప్పాడు.

అప్పుడు మాధవ రాజాగారు ఇంజిను చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, ముక్కు మీద వేలేసుకున్నారు.

"దీనికి వర్ణం లేదే!"

నిజమే. ఇంజిను మీద నూనె, మసి, దుమ్ము తప్ప ఏ రంగూ లేదు. పైగా సేత్తూరు నేల పాతపాళయమూ కాదు, కొత్తపాళయమూ కాదు. ఇంత చిక్కు ప్రశ్న సంఘానికి ఇదివరకు ఎదురుకాలేదు. పెద్దమనుషుల మొహాలు కళకళలాడాయి. వర్ణం లేనిది నడవకూడదన్న తీర్మానం కారుకెంతో ఇంజినుకూ అంతేనని, తేలేదాకా ఆపి ఉంచాలని ఇరుపక్షాలవారూ మొదటిసారి ఏకగ్రీవంగా అన్నారు.

"ఒక్క మాట. వద్దని చెప్పండి" అంది రంగనాయకి భర్త పక్కన చేరి. "మీదే గదా. మీరు వద్దంటే వీళ్లేమి చేసేరు?"

విజయరాఘవ నోరు తెరిచాడు. వద్దని అనబోయాడన్నది నిజం. ఆ మాట నాలుక దాకా వచ్చిందన్నదీ నిజం. సరిగ్గా ఆ క్షణంలో రాజగోపాల రాజాగారు అతని భుజం మీద చెయ్యి వేశారు.

"ఇంజిను నీది, చేను నీది. నీవే చెప్పప్పా. నీకు ఏ వర్ణం నచ్చును?"

అందరూ అతని వైపు తిరిగారు. అతన్ని ఇన్నేళ్లుగా ఒప్పుకున్నావా అని అడిగినవారే గాని, నీ అభిప్రాయమేమిటని అడిగినవారు లేరు. విజయరాఘవ ఛాతీ కొంచెం పొంగింది. మెడలో దండ సర్దుకున్నాడు. ఇంజినును ఒక కన్ను మూసి చూశాడు, రెండో కన్ను మూసి చూశాడు.

"ఆకుపచ్చ అయితే పొందుగా ఉండునో ఏమో, మామా" అన్నాడు.

సభ హోరెత్తింది. మూడో పక్షం పుట్టింది. దాని నాయకుడిగా విజయరాఘవ రాజాగారిని అక్కడికక్కడే ఎన్నుకుని, దండ మీద దండ వేశారు. గారు అన్న మాట ఆయన పేరు పక్కన చేరింది ఆ రోజే. పళనిసామి రంగనాయకి మొహం చూశాడు. ఆమె చేను వైపు చూస్తూ ఉండిపోయింది. అతను ఇంజిను ఆపాడు. కాలవలో నీళ్లు ఎంతదాకా వచ్చాయో అంతదాకా వచ్చి నిలిచిపోయాయి.

సభ ఇంకా సావిడిలో జరుగుతూనే ఉంది. రంగు తేలగానే పత్తికి నీళ్లు పెడతారు. ఇంతదాకా చదివి, చివరికి ఏ రంగు గెలిచిందో తెలుసుకోవాలని ఆతురపడుతున్న మీరు కూడా లోపలికి దయచేయవచ్చు. ఎరుపువారు కుడివైపు, నీలంవారు కూడా కుడివైపు, ఆకుపచ్చవారు మధ్యన కూర్చోవాలి. నీళ్ల సంగతి అడిగేవారికి మాత్రం లోపల చోటు లేదు. వారు బయట పళనిసామి పక్కన నిలబడాలి.