గద్ద తిరిగే చోటు ఎవరిది?

ఒక పెద్ద అడవిలో అని మొదలుపెడదామంటే కుదరదు. నడుమ ఏరు పారుతోంది గనక అవి రెండడవులు, ఇద్దరు రాజులు, రెండింతల తిక్క.

ఆ ఏరు మహా వెడల్పు. ఒడ్డున నిలబడి గొంతు చించుకున్నా అవతలికి వినపడదు. అందుకని రెండడవులూ చెరో గద్దను పైకి పంపాయి. కింద ఎవరైనా కబురు అరిస్తే గద్ద విని, అవతలి ఒడ్డువాళ్ళకు తిరిగి అరిచేది. ఏటి నడుమ పెద్ద నల్లబండ ఉంది. ఎండకు దాని మీంచి వేడిగాలి లేస్తుంది. ఆ గాలిలో రెక్క ఆడించకుండా పొద్దంతా తిరగొచ్చు. ఇంకేం, రెండు గద్దలూ అక్కడే చేరాయి.

కబుర్లు కలగాపులగమైపోయాయి. ఇవతలి తోడేలు అవతల పుట్టింట్లో ఉన్న పెళ్ళానికి "భోజనానికి వస్తున్నా" అని కబురు పెడితే ఆ మాట అక్కడి కుందేలు చెవిన పడింది. పాపం, ఆ కుందేలు మళ్ళీ బొరియ దాటితే ఒట్టు.

"ఆ చోటు మాది," అంది ఇవతలి సింహం.

"అది మా తాతల నాటి గాలి," అంది అవతలి పులి.

గొడవ తేలేదాకా గద్దలు ఎగరకూడదని ఇద్దరూ ఆజ్ఞ వేశారు. ఈ ఒక్క విషయంలో మాత్రం ఇద్దరికీ భలే కుదిరింది.

ఇవతలి రాయబారి నక్క జంబయ్య. అవతలి రాయబారి కొండముచ్చు భూషణం. ఏరు పొంగి ఉంది. తగ్గినా ఇద్దరూ దాటరు, ముందు దాటినవాడు లోకువట! మరి మాట్లాడుకోవడం ఎలా? చర్చల కోసం మాత్రమే అని ఒక ముసలి గద్దకు అనుమతిచ్చారు. గద్దలు ఎగరొచ్చా అన్నది తేల్చడానికి గద్ద ఎగిరిందన్నమాట. నవ్వకండి, దీన్ని రాజనీతి అంటారు.

చర్చలు నడిచినన్నాళ్ళూ ప్రతినిధులకు రాజుల వంటశాలల నుంచి విందు. జంబయ్య దాని రుచి మరిగాడు. త్వరగా తేలిపోతే ఎలా? అందుకని ఒక నియమం పెట్టించాడు: సభలో ఎవరు నోరు విప్పినా ఆ మాట అవతలికి వెళ్ళాలి, జవాబు రావాలి, ఆ తర్వాతే ఇంకో మాట. అవతల భూషణం పొట్ట నిమురుకుని "భేష్" అన్నాడు.

ముందు ఎవరు నమస్కారం చెప్పాలన్న దానిమీదే బోలెడు రోజులు గడిచాయి.

దుప్పి నాగరత్నం ప్రాణం మాత్రం కొట్టుకుపోతోంది. కూతురిది అవతలి అడవిలో కాపురం. తొలి కాన్పు. పుట్టింటికి తెచ్చుకుందామనుకునేలోపు ఏరు పొంగింది. గద్దలేమో ఆగిపోయాయి. పిల్ల ఎలా ఉందో చెప్పే దిక్కు లేదు.

ఓర్చుకుని ఓర్చుకుని, చివరికి సభలోకి దూసుకొచ్చింది.

"అయ్యా, ఒక్క మాట! మా అమ్మాయికి పురుడొచ్చిందో లేదో కనుక్కోండి!"

"ఇది అంతర్జాతీయ సభ తల్లీ! పురుళ్ళూ పుణ్యాలూ మా అజెండాలో లేవు, నడు!" అని జంబయ్య కసిరాడు.

"సభలో ఎవరు నోరు విప్పినా అన్నారుగా? తమరు పెట్టిన నియమమే," అంటూ ముసలి గద్ద రివ్వున లేచింది.

అవతల భూషణం తల గోక్కున్నాడు. జవాబివ్వకపోతే సభ ఆగుతుంది, సభ ఆగితే విందు ఆగుతుంది. పరుగులు పెట్టించి వాకబు చేయించాడు.

గద్ద తిరిగొచ్చి అరిచింది: "ఆడపిల్ల! తల్లీ బిడ్డా క్షేమం. అన్నీ అమ్మమ్మ పోలికలేనట, ముక్కు తప్ప!"

నాగరత్నం అక్కడే కూలబడి ఏడ్చింది, నవ్వింది, ఆనందంలో పక్కనున్న ముళ్ళపందిని కావలించుకుని కెవ్వుమంది.

ఇంకేముంది! మర్నాటికి అడవి అడవంతా సభలో ఉంది.

"మా తమ్ముడి అలక తీరిందా?"

"అత్తయ్యకు దగ్గు తగ్గిందా?"

నోరు విప్పినవాళ్ళంతా ప్రతినిధులే కదా, విందు అందరికీ పంచారు. జంబయ్య వంతుకు ఒక్క పీతకాలు వచ్చింది.

ఆకలికి కళ్ళు తిరిగి, "చాలు బాబోయ్! ఆ చోటు వంతులవారీగా వాడుకుందాం. ఒప్పందం! ఇప్పుడే!" అని మొత్తుకున్నాడు.

"వరసలో రండి," అంది గద్ద. "మీకంటే ముందు ఏనుగుగారు వియ్యపురాలితో మాట్లాడాలి. ఆవిడ ఇప్పుడే కష్టసుఖాలు మొదలుపెట్టింది."

నీతి: పెద్దల చర్చలు ఎంతకీ తెమలకపోతేనే చిన్నవాళ్ళకు నాలుగు మాటలు దక్కుతాయి.