సారు ఎత్తుకు మన వంతు

వెంకంపేట నియోజకవర్గంలో జనం తమ ఒంటి ఎత్తులోంచి కొంచెం కొంచెం కోసి భూమేశ్వర్ సార్‌కు ఫోన్ల ద్వారా పంపడం నామినేషన్ల రోజునే మొదలైంది. ఆ రోజు ఐదడుగుల మూడంగుళాలున్న ఆయన వారం తిరిగేసరికి పదకొండు అడుగులయ్యారు.

అవసరమే అలాంటిది మరి. ఎదుటి అభ్యర్థికి ప్రతి చౌరస్తాలోనూ నలభై అడుగుల కటౌట్లున్నాయి. భూమేశ్వర్ సార్ జూనియర్ కాలేజీలో ఎకనామిక్స్ చెప్పి రిటైరైన మనిషి. పాత స్కూటర్ మీద తిరుగుతారు. కటౌట్ మాట అటుంచి ఫ్లెక్సీకి కూడా ఆయన దగ్గర డబ్బు లేదు. కటౌట్ లేని మనిషిని ఓటర్లు అభ్యర్థి అని నమ్మరు. అందులో వాళ్ల తప్పేమీ లేదు, ఇన్నేళ్లుగా అలా అలవాటు చేశారు. దాంతో కార్యకర్తలు ఒక లింకు తయారుచేసి వాట్సాప్ గ్రూపుల్లో పెట్టారు. పైన సార్ ఫొటో, కింద ‘సారు ఎత్తుకు మన వంతు’ అన్న నినాదం. అర సెంటీమీటరు నుంచి ఎంతైనా ఇవ్వవచ్చు. లింకు నొక్కి, ఓటీపీ కొడితే పావుగంటలో కోత పడుతుంది. నొప్పి ఉండదనీ, మోకాళ్ల దగ్గర మాత్రం కాసేపు చల్లగా అనిపించవచ్చనీ చిన్న అక్షరాల్లో రాశారు.

‘‘కాంట్రాక్టర్ల దగ్గర నేను ఒక్క అంగుళం గూడ తీసుకోను. నా ఒంట్ల ఉన్నదంత మీరే’’ అని సార్ ప్రతి మీటింగులోనూ చెప్పేవారు. ఆ మాట ఆయన మనస్ఫూర్తిగానే అన్నారు. ఒప్పుకోవాలి.

ఎన్నికల పరిశీలకులు టేపు పట్టుకుని వచ్చి ఆయన్ను కొలిచారు. ఎత్తు డబ్బు కాదు గనుక ఖర్చు పరిమితిలోకి రాదని కాగితం మీద రాసిచ్చారు. కరెంటు తీగల కింద నడవకూడదని మాత్రం షరతు పెట్టి, టీ తాగి వెళ్లారు.

మార్కెట్ యార్డులో హమాలీ పనిచేసే ఓదెలు కూడా తన వంతు ఇవ్వాలనుకున్నాడు. ఓదెలు ఐదడుగుల పదకొండు అంగుళాల మనిషి. క్వింటాలు బస్తాను వీపు మీంచి ఒక్క ఊపుతో లారీ పైవరుసకు ఎక్కించగలడు. అంత ఎత్తూ అతని అన్నమే. నాలుగేళ్ల కింద హమాలీల సమ్మెలో భూమేశ్వర్ సార్ మూడు రోజులు వానలో వాళ్ల పక్కన కూర్చుని బస్తా రేటు పెంచించారు. ఓదెలు అది మరిచిపోలేదు. ఇప్పుడు తన దగ్గర ఇవ్వడానికి ఏదైనా ఉందంటే అది ఒళ్లే కదా అనుకున్నాడు.

అయితే అతనిది బటన్ల ఫోను. అందులో లింకు తెరుచుకోదు. కూతురు నవనీత పొద్దున్నే కాలేజీ గ్రౌండుకు పరుగుకు వెళ్లినప్పుడు ఛార్జింగుకు పెట్టిన ఆమె ఫోను తీసుకున్నాడు. సార్ ఫొటో కనబడింది, నొక్కాడు. పెద్ద అక్షరాలు కూడబలుక్కుని చదివి అర సెంటీమీటరు అన్నచోట నొక్కాడు. వచ్చిన ఓటీపీ కొట్టాడు. ఫారంలో పేరూ ఆధార్ నంబరూ ముందే నింపి ఉన్నాయి. అవి ఫోను ఎవరిదో వాళ్లవి. కింద ‘ప్రతి వారం’ అనే గడిలో టిక్కు కూడా ముందే పెట్టి ఉంది. ఓదెలు అవేమీ చూడలేదు. యార్డులో చీటీ మీద వేలు ఎవరు పెడితే మోత వాళ్లది. ముప్పై ఏళ్లుగా అతనికి తెలిసిన రివాజు అదొక్కటే. వేలు తనది కాబట్టి ఎత్తూ తనదే పోతుందనుకున్నాడు.

సాయంత్రం గుమ్మానికి ఆనుకుని నిలబడి భార్య కొమురమ్మతో గీత గీయించుకున్నాడు. వెంట్రుక వాసి కూడా తగ్గలేదు.

‘‘పేదోని దగ్గర తీసుకోబుద్ధి కాలేదేమోనే సారుకు’’ అన్నాడు. అలా అంటూ కళ్లు తుడుచుకున్నాడు.

నవనీతకు ఇరవై ఒక్క ఏళ్లు. రెండేళ్లుగా కానిస్టేబుల్ ఉద్యోగం కోసం తయారవుతోంది. రాత పరీక్షలో గట్టెక్కింది, ఇక ఒళ్లు కొలిచి, పరుగు పెట్టించడమే మిగిలింది. ఆడపిల్లలకు నూట యాభై రెండున్నర సెంటీమీటర్ల ఎత్తుండాలి. ఆమెది నూట యాభై ఐదున్నర. ఎత్తు గురించి ఆ ఇంట్లో ఎవరూ బెంగపడలేదు, పరుగు గురించే పడ్డారు. ఆ ఉద్యోగం వస్తే తండ్రి వీపు మీద బస్తా దించవచ్చన్నది ఆమె పట్టుదల. ఈ నడుమ ట్రాక్ ప్యాంటు నేలకు రాసుకోవడం మొదలైంది. ఉతికి ఉతికి సాగిందనుకుని అంచు మడిచి కుట్టుకుంది. మూడు వారాలకు మళ్లీ మడిచింది. ‘మీ తోడ్పాటుకు ధన్యవాదాలు’ అని వారం వారం ఫోనుకు మెసేజీ వచ్చేది. పార్టీల మెసేజీలు రోజుకు పది వస్తాయి, ఎవరు చదువుతారు? చెరిపేసేది.

భూమేశ్వర్ సార్ గెలిచారు. లెక్కింపు కేంద్రం బయట నలభై నాలుగు అడుగుల ఎత్తున నిలబడి, ఎదుటివాళ్ల కటౌట్ తల మీదుగా జనానికి దండం పెట్టారు. జనం మెడలు విరిగేలా పైకి చూసి ఈలలు వేశారు. ఫలితాలొచ్చాక కూడా కోత ఆగలేదు. అంత ఎత్తు మనిషి రోజూ కొంచెం కుంగుతాడట, పూడుస్తూ ఉండాలట.

పట్టణానికి పెద్ద ఇబ్బందేమీ కలగలేదు. దర్జీలకు చేతినిండా పని దొరికింది. బస్టాండులో టికెట్ల కిటికీ కిందికి దించారు. అందరూ కాస్త తగ్గడంతో ఎవరూ తగ్గినట్టు కనిపించలేదు. తగ్గనివాళ్లతో కొలిస్తే కదా తెలిసేది.

నవనీతకు గ్రౌండులో తెలిసింది. కొలిచే అధికారిణి అంకె చూసి, చెప్పులున్నాయేమోనని కాళ్ల వైపు చూసి, మరోసారి కొలిచింది. నూట యాభై ఒకటిన్నర.

‘‘ఒక్క సెంటీమీటర్ తక్కువున్నవమ్మా. పది రోజుల్ల అప్పీల్ చేసుకో. తర్వాతోళ్లు రండి.’’

ఇంటికి వచ్చాక ఆమె ఫోనులో ఆఖరి మెసేజీ తీసి మొదటిసారి పూర్తిగా చదివింది. ఎనిమిది వారాలు, వారానికి అర చొప్పున.

‘‘బాపు, నా ఫోన్ల ఎప్పుడన్న ఏమన్న ఒత్తినవా?’’

‘‘ఒక్కసారే బిడ్డా. సారుకు అర సెంటీమీటరు ఇచ్చిన. నాదే ఇచ్చిన.’’

‘‘నీది కాదు బాపు. నాది పోయింది. ఇంక పోతనే ఉన్నది.’’

జీవితంలో ఎవరి కూలీలోనూ ఒక్క రూపాయి ఎక్కువ తీసుకోని మనిషి కన్నబిడ్డ ఒంట్లోంచి నాలుగు సెంటీమీటర్లు తీసి ఇచ్చేశాడు. ఆ రాత్రి అన్నం ముట్టలేదు.

మర్నాడు ఇద్దరూ ఎమ్మెల్యే ఆఫీసుకు వెళ్లారు. సార్ పట్టే ఇల్లు లేదు గనుక పాత పత్తి గోదాం పైకప్పు తీసేసి అందులో ఆఫీసు పెట్టారు. తలెత్తితే సార్ చొక్కా మూడో గుండీ దాకా కనిపిస్తుంది. కింద మాట్లాడేవి ఆయనకు వినబడవు. అర్జీలు గిలకకు కట్టిన బుట్టలో పైకి పోతాయి, సంతకం పడి కిందికి వస్తాయి. కౌంటరు దగ్గర కూర్చున్న గుమాస్తా విషయమంతా ఓపిగ్గా విన్నాడు. వారం వారం కోత ఆపడానికి ఒక ఫారం ఇచ్చాడు. పోయినదాని సంగతి అడిగితే తల అడ్డంగా ఊపాడు.

‘‘ఇచ్చినంక అది ప్రజలది అయితదమ్మా. నీ ఒక్కదానికి తీసిస్తే రేపు అందరు లైను కడ్తరు. సారు మళ్ల ఐదడుగులు అయితడు. అప్పుడు మన దిక్కు ఎవ్వడు జూస్తడు?’’

‘‘పోరి బతుకు సారూ’’ అన్నాడు ఓదెలు. ‘‘ఏదన్న తొవ్వ జూపియ్యున్రి.’’

‘‘కుటుంబ బదిలీ అని ఉన్నది. ఒక్క రేషన్ కార్డుల ఉన్నోళ్లు ఇచ్చుకోవచ్చు. తక్కువల తక్కువ ఒక అడుగు ఇయ్యాలె. అండ్లకెళ్లి బిడ్డకు రెండు సెంటీమీటర్లు పడ్తయి.’’

‘‘మిగిలింది ఎటు పోతది?’’ అని నవనీత అడిగింది.

‘‘సారు నిలబడాలె గదమ్మా’’ అన్నాడు గుమాస్తా, అంత తెలిసిన సంగతి కూడా అడుగుతారా అన్నట్టు.

‘‘వద్దు బాపు, పోదాం పా’’ అని నవనీత చెయ్యి పట్టి లాగింది. ఓదెలు అప్పటికే వేలు పెట్టాడు. ఈసారి ఎవరి పేరు రాశారో రెండుసార్లు చదివించుకుని మరీ పెట్టాడు.

అప్పీలులో నవనీత నూట యాభై మూడున్నర తేలింది. పరుగులో నెగ్గింది, ఉద్యోగం వచ్చింది, శిక్షణకు వెళ్లింది. నాలుగడుగుల పదకొండు అంగుళాల ఓదెలు బస్తా ఎత్తితే అది లారీ అంచుకు తగిలి తిరిగి అతని మీదే పడసాగింది. మేస్త్రీ మంచివాడు. పనిలోంచి తీసెయ్యకుండా కింద రాలిన గింజలు ఊడ్చే పనికి మార్చాడు. కూలీ సగం. కూతురికి చెప్పి బాధపెట్టొద్దని కొమురమ్మ చేత ఒట్టు వేయించుకున్నాడు.

శిక్షణ ముగిశాక నవనీతకు మొదటి డ్యూటీ ఆ గోదాం దగ్గరే వేశారు. సార్‌కు కాళ్ల కింద ఏముందో కనిపించదు. అంతకు ముందు నెలలో రెండు మేకలూ ఒక తోపుడు బండీ నలిగిపోయాయి. అందుకని గేటు ముందు సున్నంతో గీత గీసి, ఐదడుగుల కన్నా తక్కువున్నవాళ్లు దాన్ని దాటకూడదని ఉత్తర్వులిచ్చారు. వాళ్ల క్షేమం కోసమే. నియోజకవర్గంలో ఇప్పుడు గీత దాటగలిగేవాళ్లు ఎంతమంది ఉన్నారని ఎవరూ అడగలేదు. కాంట్రాక్టర్లు మాత్రం ఎత్తు ఏమీ తగ్గకుండా ఉన్నారు, రోజూ వచ్చి వెళ్తున్నారు.

సోమవారం అర్జీల రోజు. గీత దగ్గర రెండు వందల మంది తోసుకుంటున్నారు. ముందు వరుసలో ఇస్త్రీ చొక్కా వేసుకుని ఓదెలు ఉన్నాడు. చొక్కా మోకాళ్ల దాకా వస్తోంది. యార్డులో వాచ్‌మన్ పని ఇప్పించమని రాయించుకున్న కాగితం చేతిలో ఉంది. కూతురిని యూనిఫాంలో చూడడం అతనికి అదే మొదటిసారి. కాగితం సంగతి కాసేపు మరిచిపోయాడు.

వెనక నుంచి ఎస్సై చూస్తున్నాడు. నవనీత లాఠీ అడ్డంగా పట్టుకుంది.

‘‘వెనుకకు జరగాలె. ఐదడుగులు ఉన్నోళ్లే లోపలికి’’ అంది. తర్వాత నెమ్మదిగా, ‘‘జరుగు బాపు’’ అంది.

‘‘నా బిడ్డనే’’ అని ఓదెలు పక్కవాళ్లతో చెప్పాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆమెకు పైవాళ్ల నుంచి మాట రాకూడదని రెండు చేతులూ బార్లా చాపి, తన వెనక ఉన్నవాళ్లందరినీ ఒక్కొక్క అడుగే వెనక్కి నెట్టడం మొదలుపెట్టాడు. ఆ రోజు గీత దగ్గర పోలీసులకు పెద్దగా పని పడలేదు.